లైను చివర విరిగిన పేరు

మన గోడపత్రికలో ఎప్పుడూ కవితలు, పండగల వ్యాసాలు, పుస్తక పరిచయాలు వస్తుంటాయి. కంప్యూటరు పాఠం ఎవరూ రాసినట్టు లేదు. నేను చదివేది కంప్యూటర్ సైన్సు, పార్ట్ వన్ మాత్రం తెలుగు. పోయిన నెల ఈ రెండూ ఒకే పనిలో కలిశాయి. ఆ పనిలో నేను చేసిన తప్పు విని మేడమ్ "ఇదే రాయమ్మా, మిగతావాళ్లకి పనికొస్తుంది" అన్నారు. అందుకే రాస్తున్నాను. కంప్యూటరు రానివాళ్లు కూడా చదవొచ్చు. ఆదేశాలు అర్థం కాకపోతే వాటిని దాటేసి ముందుకు పోండి, కథ తెగదు.

మాది హోసూరు పక్క పల్లె. మా తాత ఒక నోటుపుస్తకంలో ఊళ్లో ఆడవాళ్లు పాడే పాటలు రాసిపెట్టినాడు. ప్రతి పాట కింద ఎవరు పాడినారు, ఎప్పుడు పాడతారు అని నాలుగు మాటలు వచనంలో ఉంటాయి. ఆ పుస్తకాన్ని టైపు చేసి, మన శాఖ తరఫున చిన్న పుస్తకంగా అచ్చు వేసుకుందాం అనుకున్నాం. నా స్నేహితురాలు ఓపికగా మొత్తం టైపు చేసింది. తర్వాత అసలుతో సరిచూసుకోవడానికి వీలుగా ఉంటుందని, తాత ఎక్కడ లైను ఆపితే తనూ అక్కడే ఎంటర్ కొట్టింది. పుట మారినచోట పుట సంఖ్య, దాని కింద పుస్తకం పేరు కూడా కొట్టింది.

ఆ పాటల్లో చాలావాటిని తాతకు చెప్పినామె ఇంకా ఊళ్లోనే ఉంది. అత్తింటి కష్టాల పాటలు అవి. పుస్తకం వేస్తున్నామని చెప్పడానికి వెళ్తే ఆమె ఒకటే అడిగింది: "పాట ఉండనీ పాపా, నా పేరు మాత్రం వద్దు. కోడండ్లు చదువుతారు." సరేనని మాటిచ్చి వచ్చాను.

ఆమె పేరు రెండు మాటల పేరు. ఇక్కడ కూడా రాయను. ఈ పాఠంలో ఆమె పేరు బదులు "చింత చెట్టు" అని, దాని స్థానంలో పెట్టాల్సిన మాట బదులు "వేప చెట్టు" అని అనుకుందాం.

ఇంకొక్క మాట. ఇది తెలుగు గోడపత్రిక కాబట్టి ఆదేశాలు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ల్యాబులో కొట్టేటప్పుడు ఎస్, ఎన్, జి లాంటివి ఉన్నచోట ఆ ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి. పెద్ద అక్షరం కావలసినచోట "పెద్దఎన్" అని రాశాను. సెడ్, గ్రెప్ లాంటి పేర్లను ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో కొట్టాలి.

మొదటి ప్రయత్నం

మన ల్యాబులో లినక్స్ ఉంది. దాంట్లో సెడ్ అనే పనిముట్టు ఉంది. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడానికి ఇది పెట్టింది పేరు. నేను కొట్టిన ఆదేశం ఇది:

సెడ్ 'ఎస్/చింత చెట్టు/వేప చెట్టు/జి' పాటలు > పాటలు1

ఎస్ అంటే మార్చు అని. మొదటి రెండు గీతల మధ్య ఉన్నది వెతకాల్సిన మాట, తర్వాతది పెట్టాల్సిన మాట. చివరి జి, ఒకే లైనులో ఎన్నిసార్లు వచ్చినా అన్నీ మార్చమని చెబుతుంది. పక్కన ఉన్న గుర్తు ఫలితాన్ని పాటలు1 అనే కొత్త ఫైలులో పెడుతుంది. ఇక్కడే ఒక జాగ్రత్త: కొత్త ఫైలుకు పాత ఫైలు పేరే పెట్టకండి. సెడ్ చదవడం మొదలుపెట్టే లోపే షెల్ ఆ ఫైలును ఖాళీ చేస్తుంది. మీ పాటలన్నీ గంగలో కలిసినట్టే.

23 చోట్ల పేరు మారింది. తర్వాత గ్రెప్‌తో "చింత చెట్టు" కోసం వెతికితే ఒక్కటీ దొరకలేదు. పని అయిపోయిందనుకున్నాను.

సెలవులకు ఊరికి పోయినప్పుడు అచ్చుకు ముందరి ప్రతి తీసుకెళ్లి మా అవ్వకు చదివి వినిపించాను. అవ్వకు చదవడం రాదు, వింటుంది. ఆరో పుట చదువుతుంటే తల ఎత్తి, "ఆమె పేరు వద్దనింది కదా పాపా, మళ్లీ యాల చదువుతావు?" అనింది. కాగితం చూశాను. నిజమే. పేరులో మొదటి మాట లైను చివర ఉంది, రెండో మాట కింది లైను మొదట్లో ఉంది. చదివేటప్పుడు నా నోరు రెంటినీ కలిపేసింది. అవ్వ చెవికి లైన్లు లేవు కాబట్టి పేరు పేరుగానే వినబడింది. సెడ్‌కు మాత్రం వినబడలేదు.

సెడ్ ఎందుకు చూడలేదు

సెడ్‌ను బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ 1973, 1974 ప్రాంతంలో రాశారు. అప్పటి యంత్రాల్లో జ్ఞాపకానికి ఉన్న చోటు చాలా తక్కువ. ఫైలంతా ఒకేసారి లోపలికి తెచ్చుకునే వీలు లేదు. అందుకని సెడ్ ఒక్క లైను చదువుతుంది, చివర ఉన్న లైను ముగింపు గుర్తును తీసేస్తుంది, మనం చెప్పిన మార్పు చేస్తుంది, బయటికి రాసేస్తుంది, తర్వాతి లైను తెచ్చుకుంటుంది. ఎంత పెద్ద ఫైలైనా ఇలా నడిచిపోతుంది.

సెడ్ చేతిలో ఒక పలక ఉందనుకోండి. పలక మీద ఎప్పుడూ ఒకే లైను ఉంటుంది. "చింత" ఉన్న లైను పలక మీద ఉన్నప్పుడు "చెట్టు" ఇంకా రాలేదు. "చెట్టు" వచ్చేసరికి "చింత" చెరిగిపోయింది. రెండూ ఒకేసారి పలక మీద లేవు కాబట్టి "చింత చెట్టు" అనే పేరు సెడ్ దృష్టిలో ఎక్కడా లేదు. గ్రెప్ చూసేదీ ఒక్కో లైనే. అందుకే అది కూడా లేదని నమ్మకంగా చెప్పింది.

మనకు ఇది కొత్త సంగతి కాదు. పద్యంలో పాదం చివర మాట విరిగి కింది పాదంలోకి పోవడం మామూలే. కంటితో పాదాలుగా చూస్తాం, అర్థం చెప్పుకునేటప్పుడు కలుపుకుంటాం. ఒక్కో పాదాన్ని విడిగా పట్టుకుని అర్థం చెప్పబోయినవాళ్లకు ఏమవుతుందో మన క్లాసులో అందరం చూశాం. సెడ్ చేసేది అదే.

రెండు లైన్లు పలక మీదికి

సెడ్‌లో పెద్దఎన్ అనే ఆదేశం ఉంది. పలక మీద ఉన్న లైను చెరపకుండా తర్వాతి లైనును దాని కింద చేరుస్తుంది. రెంటి మధ్య లైను ముగింపు గుర్తు ఉంటుంది. దాన్ని \ఎన్ అని రాస్తాం, ఈ ఎన్ చిన్నది. నేను ముందు ఇలా కొట్టాను:

సెడ్ '$!పెద్దఎన్; ఎస్/చింత *\ఎన్ *చెట్టు/వేప\ఎన్‌చెట్టు/' పాటలు1 > పాటలు2

\ఎన్‌కు అటూ ఇటూ ఉన్న ఖాళీ, నక్షత్రం గుర్తులకు అర్థం: అక్కడ ఖాళీలు ఉన్నా సరే, లేకున్నా సరే. టైపు చేసేటప్పుడు లైను చివర కంటికి కనబడని ఖాళీలు పడిపోతుంటాయి, వాటి కోసం. మొదట్లో ఉన్న $! అంటే చివరి లైనులో తప్ప అని. చివరి లైను తర్వాత తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. అది పెట్టకపోతే కొన్ని రకాల సెడ్‌లలో ఆఖరి లైను మాయమవుతుంది.

దీంతో రెండు చోట్ల పేరు మారింది, రెండు చోట్ల మారలేదు. ఎందుకో తెలియడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఈ ఆదేశం లైన్లను జతలుగా తీసుకుంటుంది: ఒకటి, రెండు ఒక జత, మూడు, నాలుగు ఇంకో జత. పేరు ఒకటో లైనుకు, రెండో లైనుకు మధ్య విరిగితే దొరుకుతుంది. రెండుకు, మూడుకు మధ్య విరిగితే ఆ రెండు లైన్లు వేరే వేరే జతల్లో పడతాయి. మళ్లీ అదే కథ.

జతలుగా కాదు, జరుగుతూ పోవాలి. ఒకటి, రెండు చూశాక రెండును చేతిలోనే ఉంచుకుని మూడును తెచ్చుకోవాలి. పూలు కట్టేటప్పుడు ముందరి ముడిని వేలితో పట్టుకునే కదా తర్వాతి పువ్వు పెడతాం. దానికి ఇంకో రెండు ఆదేశాలు ఉన్నాయి:

సెడ్ '$!పెద్దఎన్; ఎస్/చింత *\ఎన్ *చెట్టు/వేప\ఎన్‌చెట్టు/; పెద్దపి; పెద్దడి' పాటలు1 > పాటలు2

పెద్దపి పలక మీద ఉన్న మొదటి లైనును మాత్రం బయటికి రాస్తుంది. పెద్దడి ఆ మొదటి లైనును మాత్రం చెరిపి, మిగిలినదానితో పని మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. మార్చిన చోట కూడా \ఎన్ అలాగే ఉంచాను చూడండి. తాత విరిచిన చోటే లైను విరుగుతుంది, పేరు మాత్రం మారుతుంది. నాలుగు చోట్లా మారింది.

అప్పుడైనా నమ్మకూడదని తాత నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఆమె పేరు కనబడిన ప్రతిచోటా పక్కన పెన్సిలుతో చుక్క పెట్టుకుంటూ పోయాను. మొత్తం 29 చుక్కలు. కంప్యూటరు మార్చినవి 23, 4 కలిపి 27. ఇంకా రెండు ఎక్కడో ఉన్నాయి.

మిగిలిన రెండు

ఒకటి మాట మధ్యలోనే విరిగింది. లైనులో చోటు చాలక తాత "చిం" అని రాసి, చిన్న అడ్డగీత పెట్టి, "త చెట్టు" అని కింద రాశాడు. నా ఆదేశం "చింత" అనే నిండు మాట కోసం వెతికింది, అది అక్కడ లేదు.

రెండోది పుట చివర విరిగింది. పదమూడో పుట ఆఖర్లో "చింత" ఉంది. తర్వాత "పుట 14" అని ఒక లైను, "మా ఇంటి పాటలు" అని ఇంకో లైను. ఆ తర్వాత "చెట్టు". రెండు లైన్ల పలక మీద ఇది ఎన్నటికీ పట్టదు.

ఇలాంటప్పుడు ఫైలంతా ఒకేసారి పలక మీదికి తెచ్చుకోవడం మేలు. ఇప్పటి యంత్రాలకు మన పాటల పుస్తకం ఒక లెక్క కాదు. గ్నూ సెడ్‌లో -జెడ్ అని పెడితే లైను ముగింపు దగ్గర ఆగకుండా ఫైలంతా ఒకే ముక్కగా చదువుతుంది.

ముందు పుట శీర్షికలు తీసేద్దామని తొందరలో ఇలా కొట్టాను:

సెడ్ -జెడ్ 'ఎస్/పుట.*మా ఇంటి పాటలు//' పాటలు2 > పాటలు3

చుక్క, నక్షత్రం కలిపితే "మధ్యలో ఏదైనా, ఎంతైనా" అని అర్థం. పాటలు3 తెరిచి చూస్తే మొదటి శీర్షిక నుంచి ఆఖరి శీర్షిక దాకా అన్నీ పోయి, చివరి పుట ఒక్కటే మిగిలింది! ఎంతైనా అంటే వీలైనంత ఎక్కువ తీసుకోవడం దాని పద్ధతి. ఒక్కో లైనే చదివినప్పుడు ఈ ఆకలి లైనుతో ఆగిపోయేది. ఫైలంతా పళ్లెంలో పెడితే ఫైలంతా తినేసింది. వేరే పేరుతో రాశాను కాబట్టి పాటలు2 బతికింది. పెద్ద ముక్క మీద పని చేసేటప్పుడు "ఏదైనా" అనకూడదు, ఏది కావాలో దాన్నే చెప్పాలి.

ఇంకో చిక్కు అడ్డగీతలది. "అడ్డగీత, దాని వెంటనే లైను ముగింపు ఉంటే రెండూ తీసేసి కలిపేయి" అంటే చాలనుకున్నాను. కాని పల్లవి మళ్లీ పాడాల్సిన చోట కూడా తాత లైను చివర అడ్డగీతే పెట్టేవాడు. అన్నీ కలిపేస్తే పల్లవి పోయి చరణానికి అతుక్కుంటుంది. జాగ్రత్తగా చూస్తే తేడా దొరికింది. మాట విరిచినప్పుడు అడ్డగీత అక్షరానికి ఆనుకుని ఉంది, పల్లవి దగ్గర ముందు ఒక ఖాళీ ఉంది. నా స్నేహితురాలు ఆ ఖాళీని కూడా వదలకుండా టైపు చేసింది. ఆమెకు ఎన్ని కాఫీలు ఇప్పించినా తక్కువే.

చివరికి పనిచేసిన ఆదేశం ఇది. పొడుగ్గా ఉందని మూడు లైన్లలో రాస్తున్నాను, కొట్టేటప్పుడు కూడా ఇలాగే కొట్టొచ్చు:

సెడ్ -పెద్దఇ -జెడ్ 'ఎస్/పుట [0-9]+\ఎన్‌మా ఇంటి పాటలు\ఎన్//జి
ఎస్/([^ ])-\ఎన్/\1/జి
ఎస్/చింత([ \ఎన్]+)చెట్టు/వేప\1చెట్టు/జి' పాటలు > పాటలు4

మొదటి లైను పుట శీర్షికలను తీసేస్తుంది. "పుట", ఒక ఖాళీ, అంకెలు, లైను ముగింపు, పుస్తకం పేరు, మళ్లీ లైను ముగింపు. ఇవన్నీ ఇదే వరసలో ఉంటేనే తీస్తుంది. రెండో లైను, ఖాళీ కానిదేదైనా అడ్డగీతకు ముందు ఉంటేనే మాటను కలుపుతుంది. కుండలీకరణంలో పట్టుకున్న ఆ అక్షరాన్ని \1 మళ్లీ తెచ్చి పెడుతుంది. మూడో లైను పేరు మారుస్తుంది. రెండు మాటల మధ్య ఖాళీ ఉన్నా, లైను ముగింపు ఉన్నా, ఉన్నది ఉన్నట్టే \1తో తిరిగి వస్తుంది. -పెద్దఇ పెట్టడం వల్ల కుండలీకరణాల ముందు వెనకగీతలు పెట్టే బాధ తప్పింది.

ఈ మూడింటి వరస మారకూడదు. పేరు ముందు మార్చి శీర్షికలు తర్వాత తీస్తే పదమూడో పుట చివరి పేరు అలాగే ఉండిపోతుంది. విరిగినవి అతికాక వెతకాలి, వెతికాక అతికితే లాభం లేదు. అందుకే మొదటి ఫైలు పాటలు నుంచే మళ్లీ మొదలుపెట్టాను.

మీ ఇంట్లో కంప్యూటరులో ఉన్న సెడ్‌కు -జెడ్ తెలియకపోవచ్చు. మ్యాక్‌లో ఉన్నదానికి తెలియదు. అక్కడ పెర్ల్ వాడొచ్చు. 1987లో లారీ వాల్ విడుదల చేసిన భాష అది. -0777 అంటే ఫైలంతా ఒకే ముక్కగా చదువు అని:

పెర్ల్ -0777 -పిఇ 'ఎస్/చింత([ \ఎన్]+)చెట్టు/వేప$1చెట్టు/జి' పాటలు > పాటలు4

సరిచూసుకోవడం

గ్రెప్ లేదన్నంత మాత్రాన లేనట్టు కాదని తెలిసింది కదా. లైన్లన్నీ కలిపేశాక వెతకాలి:

టిఆర్ '\ఎన్' ' ' < పాటలు4 | గ్రెప్ -ఓ 'చింత *చెట్టు' | డబ్ల్యుసి -ఎల్

టిఆర్ ప్రతి లైను ముగింపును ఖాళీగా మారుస్తుంది. గ్రెప్ దొరికిన ప్రతిదాన్నీ ఒక్కో లైనులో రాస్తుంది. డబ్ల్యుసి ఆ లైన్లు లెక్కపెడుతుంది. టిఆర్‌తో తెలుగు అక్షరాలు మాత్రం మార్చబోకండి. యూటీఎఫ్-8లో మన ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి, లినక్స్‌లో ఉండే టిఆర్ బైటు బైటుగా మారుస్తుంది. అక్షరాలు ముక్కలవుతాయి. లైను ముగింపు ఒక్క బైటే కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

జవాబు 0 వచ్చింది. అదే ఆదేశంలో "వేప" పెట్టి వెతికితే 29 వచ్చింది. నోటుపుస్తకంలో పెన్సిలు చుక్కలు 29. అప్పుడు నమ్మాను. 0 ఒక్కటే చూసి ఉంటే నమ్మేదాన్ని కాదు. మొదటిసారి కూడా 0 వచ్చింది కదా!

ఇందులో నేను నేర్చుకున్నది ఇది. పనిముట్టుకు లైను అంటే లైనే. ఏ లైను కాగితం వెడల్పు చాలక విరిగింది, ఏ లైను పాట ఊపిరి పీల్చుకునే చోట విరిగింది అన్నది దానికి తెలియదు. మొదటిదాన్ని అతకాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. ఆ తేడా చెప్పాల్సింది తెలుగు చదువుకున్న మనం. పలక మీద ఎంత పట్టాలో, ఎక్కడ ఆగాలో మనం చెబితేనే అది సరిగ్గా చేస్తుంది.

అచ్చుకు పంపేముందు కొత్త ప్రతిని అవ్వకు మళ్లీ మొదటినుంచి చదివి వినిపించాను. ఆరో పుట దగ్గర ఆగి అవ్వ ముఖం చూశాను. "చదువు పాపా, ఆగినావేంది" అనింది.

మీకొక చిన్న అభ్యాసం: పేరు మూడు మాటలది అయి, మూడు లైన్లలో ఒక్కో మాట పడితే రెండు లైన్ల పలక సరిపోతుందా? సరిపోకపోతే పైనున్న చివరి ఆదేశంలో ఏం మార్చాలి? జవాబు రాసి ఈ కాగితం కిందే పిన్ను గుచ్చండి. వచ్చే సంచికలో చూద్దాం.

ద్వితీయ సంవత్సరం, బి.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్
(పార్ట్ వన్ తెలుగు)